మాదన్న ఆర్పని కర్పూరం

కర్పూరం ఆర్పించాలన్న ఆలోచన నాది. మా ప్లీడరుగారిది కాదు, మా కక్షిదారు ఈరప్పది కూడా కాదు. ఆదోనిలో ప్లీడరు గుమాస్తాగా నాకు ఆ రోజుల్లో ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. ప్లీడరుగారు పుస్తకాలు చదివితే నేను మనుషుల్ని చదువుతానని పదిమందిలో చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి మారి అప్పటికి రెండేళ్ళు. కాగితాల మీద అలవాటుగా బళ్ళారి అని రాసి, నాలుక కరుచుకుని కొట్టేస్తున్న కాలం అది. ఈరప్పది ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య రోడ్డు పక్కన ఒక పల్లె. ఊరి పేరు చెప్పను, ఆ ఇళ్ళవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. యాభై ఏళ్ళ మనిషి. నుదుట సిందూరం, మెళ్ళో రాగి ఆంజనేయుడి బిళ్ళ. నేనూ ఆంజనేయుడి భక్తుణ్ణే కాబట్టి మొదటిరోజే మనిషి నచ్చాడు.

అతని మీద దావా వేసింది సొంత తమ్ముడు మాదన్న. తగువంతా మూడెకరాల నల్లరేగడి చేను గురించి. తండ్రి బతికుండగా ఆ చేను తనకిచ్చాడనీ, తాను ఆదోనిలో పత్తి మిల్లు కూలికి పోయిన ఆరేళ్ళలో అన్న దాన్ని తన పొలంలో కలిపేసుకున్నాడనీ మాదన్న వాదన. తండ్రి ఇచ్చింది నోటిమాటగానే గాని కాగితం లేదు. ఆ మాట విన్న పెద్దమనుషులు ఇద్దరూ కాలం చేశారు. మాదన్నకేమో దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంది. మిల్లు మానేసి, పెళ్ళాం లింగమ్మతో ఊరికి తిరిగొచ్చాడు. చేను దక్కితే సొంత సేద్యం, దక్కకపోతే ఇద్దరూ జీవితాంతం ఒకరి పొలంలో కూలీలే.

“నాయన వానికే అనినాడు సామీ, లేదనను,” అన్నాడు ఈరప్ప మా ఆఫీసులో కూర్చుని. “అయితే ఆరేండ్లు గుంటక తోలింది ఎవురు? నేను. కలుపు తీపిచ్చింది ఎవురు? నేను. ఇప్పుడొచ్చి నాదంటే నేను యాడికి పోవల్ల?”

ప్లీడరుగారు వినపడనట్టు కాగితాల్లో తలపెట్టారు. ఇలాంటి మాటలు వినకపోవడం వాళ్ళ వృత్తిధర్మం. నేను మాత్రం శుభ్రంగా విన్నాను. విని కూడా ఇతన్ని ఎలా గెలిపించాలా అనే ఆలోచించాను. అదీ నా సంగతి.

“ఇంగొకటి సామీ,” అని గొంతు తగ్గించాడు ఈరప్ప. “సెప్పుకుంటే సిగ్గుచేటు. మావోనికి దేవుడు లేడు.”

మాదన్న గుడికి పోడట. ఎవరినీ ఎగతాళి చేయడు, ఎవరితో వాదనకు దిగడు. తిరునాళ్ళకు లింగమ్మను తీసుకుపోతాడు. ఆమె లోపలికి పోయి దండం పెట్టుకుని వచ్చేదాకా బయట చెప్పుల దగ్గర కాపలా నిలబడతాడు. ఇరవయ్యో ఏట నుంచీ ఇంతేనట.

అప్పుడు మెరిసింది నాకు ఆలోచన.

ప్రమాణాల చట్టంలో అప్పట్లో ఒక దారి ఉండేది. ‘అవతలివాడు ఫలానా గుడిలో ఫలానా విధంగా ప్రమాణం చేస్తే నేను కట్టుబడతాను’ అని ఎవరైనా కోర్టులో చెప్పుకోవచ్చు. అవతలివాడు ఒప్పుకుని ప్రమాణం చేశాడా, దావా అక్కడికి తెగిపోయినట్టే. ఒప్పుకోకపోతే బలవంతం ఏమీ లేదు. కాని ఎందుకు ఒప్పుకోలేదో జడ్జిగారు రాసిపెడతారు. మా వైపు పల్లెల్లో ప్రమాణమంటే కర్పూరం ఆర్పడం. దేవుడి ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, చెప్పవలసిన మాట చెప్పి, అరచేత్తో ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పినవాడి ఇంట్లో దీపం పెట్టే దిక్కుండదని నమ్మకం.

“మాదన్ననే కర్పూరం ఆర్పమందాం,” అన్నాను. “చేను తనదని చెప్పి ఆర్పితే మనం వదులుకుంటామందాం.”

ప్లీడరుగారు కళ్ళజోడు తీశారు. “నీకేమైనా మతిపోయిందా? దేవుడే లేడనేవాడికి భయమేముంటుందయ్యా? చెయ్యి పెట్టి ఆర్పేసి చేను తీసుకుపోతాడు.”

“ఆర్పడండీ. అలాంటివాళ్ళు తల తీస్తామన్నా దేవుడి పేరెత్తరు. వద్దన్నాడంటే చాలు, తప్పున్నవాడే ప్రమాణానికి జంకుతాడని ఊరంతా అనుకుంటుంది. కోర్టుకైనా వేరే సాక్ష్యం ఏముంది గనుక?”

ఆయన ఈరప్ప వైపు చూశారు. ఈరప్ప మెళ్ళోని బిళ్ళను వేళ్ళతో తిప్పాడు.

“వాడు ఆర్పడు,” అన్నాడు చివరికి. “వాన్ని ఎత్తుకోని పెంచినోన్ని, నాకు తెల్దా?”

వాయిదా రోజున మాదన్నను మొదటిసారి చూశాను. బక్కపలచని మనిషి, ఉతికిన నేత చొక్కా. రెండు మాటలకోసారి దగ్గు. సాక్షిబోను ఎక్కగానే జవాను అలవాటుగా “దైవసాక్షిగా...” అని అందించాడు. మాదన్న వెంట అనలేదు.

“దొరా, నిజం సెప్తానని అంటా. దేవుని పేరు మాత్రం నాతో అనిపిచ్చొద్దు.”

కోర్టు హాల్లో కిసుక్కున నవ్వులు. మున్సిఫ్‌గారు తలెత్తి చూస్తే ఆగిపోయాయి. మితభాషి ఆ జడ్జి. “దేవుడు లేడంటావా?” అని అడిగారు.

“ఉండాడనేటోళ్ళతో నేను కొట్లాడను దొరా. నాకు మాత్రం యాడా కనపల్యా. కనపడనోన్ని సాచ్చికి పిలుచుకుంటే నా నోట్ల అదే మొదటి అబద్ధమైతాది.”

ఆయన ఒక పుస్తకం తెప్పించుకుని చూశారు. తరువాత అందరికీ వినబడేట్టు చెప్పారు. “దేవుడి పేరు లేకుండా, సత్యం చెబుతానని మాత్రం అనడానికి ఇతనికి హక్కుంది. అందువల్ల ఇతని సాక్ష్యం విలువ ఏమీ తగ్గదు. నమ్మేవాళ్ళకు ఎంత రక్షణ ఉందో నమ్మనివాళ్ళకూ అంతే ఉంది.” కోర్టు గుమాస్తాకు రాసుకొమ్మని సైగ చేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఆంజనేయుడి పటం జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి నేను. ఆ మనిషి బోనులో అంత తీరిగ్గా నిలబడి మాట్లాడుతుంటే చూడలేకపోయాను. ఆగు నాయనా, నీ పని చెప్తానని లోలోపల పళ్ళు కొరుక్కున్నాను.

మా ప్లీడరుగారు లేచి కర్పూరం మాట ఎత్తారు. మున్సిఫ్‌గారు దాని అర్థం మాదన్నకు విడమరిచి చెప్పారు. ఒప్పుకోవాలని బలవంతం లేదనీ, భోజనాల విరామం తరువాత జవాబు చెబితే చాలనీ అన్నారు.

విరామంలో నేను వరండాలో స్తంభం చాటున కూర్చుని బీడీ వెలిగించాను. స్తంభానికి ఆవలి వైపు వాళ్ళిద్దరూ సద్దిమూట విప్పుకుని కూర్చున్నారు. చెవులప్పగించడం నాకు వృత్తిలో భాగం కాబట్టి అప్పగించాను.

“సేను మనదా, కాదా?” అంటోంది లింగమ్మ.

“మనదే.”

“మనదని సెప్తే అబద్ధమా?”

“కాదు.”

“మరి ఆర్పు. నీకు దేవుడే లేడు గదా, సెయ్యి పెడితే నీదేం పోతాది? ఆ ఆంజనేయసామి ముందర నేను దినామూ మొక్కుతాండ. సేను మనదని ఆయప్పకు తెల్సు. నువ్వు అట్ల ఆర్పి ఇట్ల వస్తే వానలు పడే పొద్దుకు మన సేన్లో మనముంటాం.”

మాదన్న రొట్టె తుంచుతూ ఉండిపోయాడు.

“నీ కడుపులో ఏముందో సెప్పు,” అని గదమాయించింది. “ఊరికే గమ్మునుంటే నాకెట్ల తెలస్తాది? ఇంగ ఎన్నేండ్లు కూలికి వంగల్ల నేను? నీ దగ్గుకు మందు యాడనుంచి తెచ్చేది?”

ఆమె ఏడుస్తోంది. నాకు జాలేసిన మాట నిజం. అయినా నా మనసు నిండా ఒకటే భయం, ఈ మనిషి ఆమె మాట వింటాడేమో, నా లెక్క తప్పుతుందేమో అని.

విరామం తరువాత మాదన్న బోనులో నిలబడ్డాడు.

“నేను ఆర్పను దొరా.”

“కారణం చెప్పు. రాసుకోవాలి.”

“సేను నాదే. నాదని ఎన్నిసార్లైనా సెప్తా. కర్పూరం ఆర్పే దానికి నాకు భయమేం ల్యా. భయం ల్యాకనే వద్దంటాండా. మా యన్న దృష్టిలో ఆ కర్పూరం శానా పెద్దది. నా దృష్టిలో అది ఉత్త మంట. ఆయప్ప పెద్దదనుకోని నన్ను అడుగుతాండాడు. నేను ఉత్త మంటను ఆర్పి సేను తీసుకుంటే, మాట నిజమైనా పని మోసం దొరా. సెల్లని కాసు ఇచ్చి సరుకు తెచ్చుకున్నట్లు.”

మున్సిఫ్‌గారి కలం ఆగింది. ఆ మాటల్ని ఉన్నదున్నట్టు రాయడానికి ఆయన కొంచెం సమయం తీసుకున్నారు. నేను ఊహించినట్టే వద్దన్నాడు, కానీ నేను ఊహించిన కారణం ఇది కాదు. మా ప్లీడరుగారు నా వైపు చూడకుండా పెన్ను మూత బిగించుకున్నారు.

మాదన్న ఇంకా దిగలేదు. “ఒక మాట దొరా. మా యన్నకు దేవుడుండాడు. ఆయప్పే ఆర్పనీ. నాయన ఆ సేను తనకే ఇచ్చినాడని సెప్పి, ఆ సామి ముందర ఆర్పితే, నాకు సేనొద్దు. దావా ఇడ్సిపెడతా.”

అతని ప్లీడరు ఎగిరి లేచి చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. లింగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మున్సిఫ్‌గారు పెన్ను కింద పెట్టి, ఒకసారి ఒప్పుకుంటే ఇక వెనక్కు తీసుకోలేవని రెండుసార్లు హెచ్చరించారు.

“దేవుణ్ణి నమ్మనంటివి. మరి ఈ ప్రమాణాన్ని ఎట్లా నమ్ముతావు?”

“దేవున్ని కాదు దొరా. మా యన్నను నమ్మినా. ఆయప్ప ఆ సామి ముందర అబద్ధమాడడు.”

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఈరప్ప మొహం పాలిపోయింది. మా ప్లీడరుగారు వంగి అతని చెవిలో “ఒప్పుకో, ఇంతకన్నా ఏం కావాలి” అన్నారు. ఈరప్ప తలూపాడు. మున్సిఫ్‌గారు ఒక చిన్న వయసు వకీలును, ప్రమాణం దగ్గరుండి జరిపించే కమిషనరుగా వేశారు. వచ్చే శనివారం పొద్దున, వాళ్ళ ఊరి ఆంజనేయస్వామి గుడిలో. రాతపనికి తోడుగా మా ప్లీడరుగారు నన్ను పంపారు.

ఆ సాయంత్రం ఈరప్ప కోర్టు మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు. “సామీ, మీరు సదువుకున్నోళ్ళు, శాస్త్రం తెలిసినోళ్ళు. తెలిసి తప్పు జేస్తే ఏమన్నా దారుంటాదా?”

నాకు బస్సు వేళవుతోంది. గెలిచిన హుషారు ఒకటి. “ఎందుకుండదయ్యా? తప్పుకాణిక కట్టి మొక్కుకుంటే క్షమించని దేవుడెవడు?” అనేసి చక్కా పోయాను. తప్పు చేసి, కుమిలిపోయి, తరువాత కట్టేదాన్ని మేం తప్పుకాణిక అంటాం. ఆ వివరం వేరే చెప్పాలని నాకు తోచలేదు.

శనివారం పొద్దున గుడి ముందు ఊరు ఊరంతా ఉంది. గుడి రోడ్డు పక్కనే. కమిషనరు వకీలు, నేను ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా లోపలికి పోయాం. పూజారి లక్ష్మన్న పళ్ళెం తోముకుంటున్నాడు. స్తంభానికి పసుపు గుడ్డలో కట్టిన కొత్త ముడుపు కనబడింది. ఎవరిదని అడిగాను, ఏదో మాట కలపడానికి.

“ఈరప్పది సామీ. నిన్న పొద్దున వచ్చి కట్టినాడు. తప్పుకాణికంట. సామికి వెండి కండ్లు చేపిస్తానని మొక్కుకున్నాడు.” లక్ష్మన్న గొంతు తగ్గించాడు. “తప్పు జేసినంక కట్టేటోళ్ళను శానామందిని జూసినా. ముందే కట్టేటోన్ని ఇప్పుడే జూడ్డం. ‘ఇట్ల కట్టొచ్చునా’ అంటే, ‘ప్లీడరు గుమాస్తా సామి కట్టొచ్చన్నాడు’ అనె.”

 కమిషనరుకు చెబుదామా అనుకున్నాను. చెబితే ఏమని చెప్పాలి? మా కక్షిదారు అబద్ధమాడబోతున్నాడనా? నేనే దారి చూపించాననా? కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను. పిరికితనం అన్న మాటకు ఇంకో పేరు పెట్టి ప్రయోజనం లేదు, అది పిరికితనమే.

ఈరప్ప తలస్నానం చేసి, తడిబట్టలతో వచ్చాడు. మాదన్న గడప బయటే నిలబడ్డాడు. అతని పక్కన లింగమ్మ, చేతిలో పసుపు రాసిన టెంకాయ. బావ అబద్ధం చెప్పలేక వెనక్కు తగ్గుతాడనీ, వెంటనే స్వామికి కొట్టాలనీ తెచ్చుకుంది పాపం. భర్తకన్నా ఆమెకే నమ్మకం ఎక్కువ.

కర్పూరం వెలిగింది. కమిషనరు కాగితం చూసి మాటలు అందించాడు. ఈరప్ప దేవుడి వైపు చూడలేదు, తమ్ముడి వైపూ చూడలేదు. ముడుపు వైపు ఒక్కసారి చూశాడు.

“మా నాయన ఆ సేను నాకే ఇచ్చినాడు,” అన్నాడు. అరచెయ్యి బోర్లించి మంట మీద పెట్టాడు. కొంచెం పొగ లేచింది. అయిపోయింది.

మూడెకరాల చేను పోవడానికి పట్టిన వ్యవధి అంతే. గంట కూడా మోగలేదు. మాదన్న గడప దగ్గరికి వచ్చి “యాడ సంతకం జెయ్యల్ల సామీ?” అని నన్నే అడిగాడు. చూపించాను. మిల్లు దగ్గర రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా రాశాడు. అప్పుడు చూశాను, కాగితం మీద నీటిచుక్కలు పడుతున్నాయి. భుజంతో మొహం తుడుచుకుని, కాగితం కూడా చొక్కా అంచుతో అద్ది నాకిచ్చాడు.

ఈరప్ప పక్క సందులోంచి వెళ్ళిపోయాడు. జనం పలచబడ్డారు. కమిషనరు వకీలు ఊళ్ళో ఎవరింటికో కాఫీకి పోయాడు. నేను బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. ఆ ఇద్దరూ మైలురాయి దగ్గర కూర్చుని ఉన్నారు. నా కాళ్ళు నన్ను అటే తీసుకుపోయాయి.

“మాదన్నా,” అన్నాను. “మీ అన్న నిన్ననే ముడుపు కట్టాడు. ఆర్పకముందే తప్పుకాణిక కట్టాడు. ఆ దారి చెప్పింది నేను. నీ చేత కర్పూరం ఆర్పించమని సలహా ఇచ్చిందీ నేనే.”

తిడతాడని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను. నాలుగు తిట్లు తింటే నా బరువు దిగుతుంది కదా. అతను మాత్రం తలెత్తి, ఏదో మంచి కబురు విన్నట్టు నా మొహంలోకి చూశాడు.

“ముడుపు కట్టినాడా? నిజంగానా సామీ?”

“నా కళ్ళతో చూశాను.”

“అంటే బయపడినాడు,” అన్నాడు. దగ్గు తెర వచ్చి, అది ఆగేదాకా ఉండి, మళ్ళీ అన్నాడు. “సెయ్యి పెట్టేటప్పుడు మొగం రాయి మాదిరి పెట్టె. మా యన్న ఇట్లయిపోయినాడా అని కడుపు కోసుకపోయె సామీ. బయపడినాడంటే తప్పని తెల్సు. తెల్సినోడు మనిషే గదా ఇంగా.”

చేను పోయిన మనిషి అనవలసిన మాటేనా అది? నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

 లింగమ్మ నా వైపు తిరిగింది. “సామీ, మీరు బక్తులు గదా. అడుగుతా సెప్పండి. ముందే కాణిక కట్టి ఆనక అబద్ధమాడితే, దేవుడు తీసుకుంటాడా?”

 తల దించుకున్నాను.

మాదన్న భార్య చేతిలోని టెంకాయ చూశాడు. “నువ్వు పోయి కొట్టుకోని రా. నేనీడ కూసుంటా.”

“దేనికి కొట్టేది?”

“మా యన్న జేసినదానికి నీ దేవుడేం జేస్తాడు? నేను నమ్మలేదని నువ్వెప్పుడన్నా నన్నొక మాట అన్యావా? నా మూలాన నీకు దేవుడు ల్యాకుండ పోగూడదు. పో, కొట్టుకోని రా.”

ఆమె లేచింది. గుడి గడప దాకా పోయింది. అక్కడ చాలాసేపు నిలబడింది. ఆర్పిన కర్పూరం పళ్ళెం ఇంకా అక్కడే ఉంది, లక్ష్మన్న దాన్ని తీయలేదు. లోపలికి అడుగు పెడుతుందనే అనుకున్నాను. పెట్టాలని మనసారా కోరుకున్నాను కూడా, ఆమె కోసం కాదు, నా కోసం.

వెనక్కు వచ్చింది. మైలురాయి మీద టెంకాయ కొట్టింది. నీళ్ళు మట్టిలో ఇంకిపోయాయి. ఒక చిప్ప మొగుడికిచ్చింది. రెండో చిప్పలోంచి కొబ్బరి పెచ్చు లేపి నా ముందు చాపింది.

“ప్రసాదం గాదు సామీ,” అంది. “ఒట్టి టెంకాయ. తినండి.”

ఆ రోజు నాకు ఉపవాసం. పైగా బయట ఎవరి చేతిదీ తినే అలవాటు లేదు. చెయ్యి చాచి తీసుకున్నాను. వాళ్ళిద్దరి పక్కన, ఆ రోడ్డు మీద కూర్చుని తిన్నాను.